మాగేసిన రైలుపెట్టె

గడ్డిలో మోచేతుల దాకా చేతులు దూర్చి తడుముతున్నాను. వేలికి తగిలిందల్లా మామిడికాయే. ఒకటి తీసి పక్కన పెడితే ఇంకోటి. గోడవారగా పరిచిన గడ్డి కింద చిన్న రసాలు మాగుతున్నాయి. వాటి మధ్యలో ఎక్కడో నా లాప్‌టాప్ ఉంది.

"ఇటు కాదే, ఆ మూలకి చూడు," అంటోంది గుమ్మంలో నిలబడ్డ మా నాయనమ్మ. "జాగ్రత్తగానే పెట్టాను. అడుగున గడ్డి, పైన గడ్డి."

"అసలెందుకు పెట్టావు నాయనమ్మా!"

"తడిసింది కదే. తడిసినదాన్ని వెచ్చటి చోట పెట్టొద్దూ?"

పొద్దున నేను ముసునూరు వైపు తోటలో కాయలు ఏరే పనికి వెళ్ళాను. మధ్యాహ్నం ఈదురుగాలి, వెనకే వాన. రేకు కారి నీళ్ళు లాప్‌టాప్ మీద పడ్డాయట. ఆవిడ కొంగుతో తుడిచి, ఇంట్లో తనకు తెలిసిన వెచ్చటి చోట దాచేసింది. ఆ లాప్‌టాప్‌ని ఆవిడ రైలుపెట్టె అంటుంది. అందులో రైలుపెట్టె తయారుచేస్తున్నానని చెప్పినప్పటి నుంచి దాని పేరు అదే. నేను ఇల్లు చేరగానే "నీ పెట్టె మాగేశానే" అంది. కాయల పెట్టె అనుకుని, "మంచిపని చేశావు" అన్నాను కూడా! కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి ఖాళీ బల్ల చూశాకే అది ఏ పెట్టో నాకు అర్థమైంది.

కంప్యూటర్లో రైలు నడిపే ఆట ఒకటుంది. అందులో తిరిగే రైళ్ళను నాలాంటివాళ్ళే ఇళ్ళలో కూర్చుని తయారుచేస్తారు. నాది ఇంటర్‌తో ఆగిన చదువు. అక్క వాడేసి ఇచ్చిన లాప్‌టాప్‌లో, ఫోన్లో వీడియోలు చూస్తూ నేర్చుకున్నాను. నాలుగు నెలలుగా ఒకే ఒక్క పాసింజరు పెట్టె మీద ఉన్నాను. ఆకారం కట్టడం త్వరగానే అయింది. పైన రంగు, దుమ్ము, తుప్పు అంటించడమే ప్రాణం తీసింది. దాన్ని టెక్స్చర్ అంటారు. బాపులపాడు వైపు స్టేషన్‌కి వెళ్ళి, పోలీసులు ఎక్కడ అరుస్తారోనని భయపడుతూ కిటికీ ఊచలకు ఫోటోలు తీశాను. తుప్పు మాత్రం మా మోటారు షెడ్డు తలుపుది. ఒకసారి కుడిపక్క వేసిన రంగునే తిరగేసి ఎడమపక్క అంటిస్తే తెలుగు అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు వచ్చాయి. ఆ రోజు ఎంత నవ్వుకున్నానో.

ఇప్పుడు నవ్వు లేదు. ఇలా రైళ్ళు తయారుచేసేవాళ్ళ గ్రూపు చూసుకునే అన్న ఇవాళ పొద్దునే, "రేపు పదింటికల్లా ఫైల్ పంపు చెల్లీ, ఈసారి ఆటలో నీ పెట్టె కూడా కలుపుదాం" అన్నాడు. నేను పంపిన బొమ్మలు చూసి, "నేల ఒక్కటే మరీ ఆసుపత్రిలా ఉంది, కాస్త మురికి చెయ్యి" అని కూడా అన్నాడు. ఫైల్ ఆ లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. ఇంకోచోట కాపీ పెట్టుకోమని ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. నేనేమో రేపు, ఎల్లుండి అనేదాన్ని.

చేతికి పలకలాంటిది తగిలింది. లాగాను. జ్వరమొచ్చిన ఒళ్ళులా కాలుతోంది. మాగే గడ్డికి వేడితో పాటు చెమ్మ కూడా ఉంటుంది. మూత మీద పట్టిన ఆవిరి బొట్లుబొట్లుగా జారింది.

అన్నకి ఫోన్ చేశాను.

"ఆన్ చేశావా?"

"లేదన్నా."

"బతికించావు. తెరిచి, డేరాలా బోర్లించి ఫ్యాను కింద పెట్టు. రేపు పొద్దున దాకా బటన్ జోలికి పోకు. ఇంతకీ గడ్డిలోకి ఎలా వెళ్ళింది?"

"మా నాయనమ్మ మాగేసిందన్నా."

ఆయన నవ్వలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"ఫైల్ పోతుందా అన్నా?"

"చూద్దాంలే."

కాయ మీద మచ్చ చూసి కొనేవాళ్ళు అంటారే, ఆ ‘చూద్దాం’.

ఫ్యాను కింద దాన్ని చూస్తూ కూర్చున్నాను. కరెంటు పోతే విసనకర్రతో విసిరాను. నాయనమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "పాడైందా? నా వల్లేనా?" అంది మెల్లగా. అంత చిన్న గొంతు ఆవిడ దగ్గర ఎప్పుడూ వినలేదు. తిడదామని నోటిదాకా వచ్చిన మాటలు మింగేసి, "రేకు వల్లలే" అన్నాను. ఆవిడ నమ్మలేదు. నా చేతిలోంచి విసనకర్ర తీసుకుని తనే విసరడం మొదలుపెట్టింది.

తెల్లారాక బటన్ మీద వేలు పెట్టి మూడుసార్లు వెనక్కి తీశాను. "నొక్కవే, నా గుండె ఆగేలా ఉంది," అంది నాయనమ్మ. నొక్కాను. నల్లగానే ఉంది. తర్వాత లోపల చిన్న ఫ్యాను తిరిగిన చప్పుడు. తెర వెలిగింది, మూల పసుపు మరకతో. ఫైల్ తెరిస్తే ఆ మరక పక్కనే నా నీలం పెట్టె, ఊచలతో, తుప్పుతో, నిలబడి ఉంది.

ముందు అక్కకి ఒక కాపీ పంపాను. తర్వాత మీటల సందులో ఇరుక్కున్న గడ్డిపరకను పిన్నీసుతో బయటికి లాగి, ఫోన్లో ఫోటో తీసి, రైలుపెట్టె తలుపు దగ్గర నేల మీద అంటించి, అన్నకి ఫైల్ పంపేశాను.