పిక్క తగలని వేలు

నేను గదిలోకి అడుగుపెట్టకముందే ఆ చప్పుడు వినిపించింది. ఎండిన అరిటాకుల మీద గాలి నడిచినట్టు, సన్నగా, ఆగి ఆగి. నర్సీపట్నం బస్టాండు ఎదుట, దీనార్ల ధర రాసి అంటించిన గాజు తలుపు వెనక, అప్పలలక్ష్మి ఒక అరచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని రుద్దుతోంది.

పద్నాలుగేళ్ళుగా అదే కుర్చీ. విదేశాల నుంచి వచ్చిన డబ్బు ఇవ్వడం, కరెన్సీ మార్చడం, ఫీజులూ బిల్లులూ ఆన్‌లైన్లో కట్టిపెట్టడం ఆమె పని. కౌంటరు మీద కంప్యూటరు, వేలిముద్రల మిషను, పక్కనే కొబ్బరినూనె సీసా. ఆ సీసా మాత్రం కంపెనీ ఇచ్చింది కాదు.

ఆ చేయి గొలుగొండ నుంచి వచ్చిన సోమలమ్మది. ఏళ్ళ తరబడి జీడిపిక్కలు ఒలవడంతో, తొక్కలోని జీడి రసానికి వేళ్ళ చివర్లు కాలి, నల్లబడి, నున్నబడిపోయాయి. కువైట్లో వంటపని చేసే చెల్లెలు పంపిన డబ్బు ఆమె ఖాతాలో పడింది. మనవరాలు సత్యశ్రీకి నర్సింగు సీటు నిలవాలంటే సాయంత్రం ఐదులోగా ఫీజు కట్టాలి. బ్యాంకుకి సెలవు. డబ్బు తీయడానికి సోమలమ్మ రెండుసార్లు మిషను మీద బొటనవేలు పెట్టింది. మిషను రెండుసార్లూ ఎర్రగా వెలిగింది. మూడోసారీ తప్పితే ఆ రోజుకి ఇక తీసుకోదు. గోడ గడియారంలో నాలుగున్నర.

“పొద్దున్న కూడా పిక్కలొలిసేవా పిన్నీ?”

“లేదే. ఆఫీసుకెల్తన్నాను గదా, నల్ల సేతులు బాగోవని ఇటికిపొడెట్టి తోమీసినాను.”

“ఓలమ్మో! నీయి సేతులేటి, ఇత్తడి సెంబులేటి? ఉన్న రెండు గీతలూ తోమీసినావు!”

సోమలమ్మ నవ్వబోయి ఆగిపోయింది. “పిల్ల కాలేజీ కాడ నిలబడుందే లచ్చిమీ. ఏటైపోద్దో.”

తన వంతు కోసం వెనక నిలబడ్డ జోగులు గొణిగాడు. “గోరింటాకెడతన్నావేటమ్మా? బేగి కానీ, నా కొయ్యూరు బస్సెలిపోద్ది.”

“నువ్వూ నాలుగు రోజులు పిక్కలొలిసి రా జోగులూ. నీకూ రాస్తాను.”

ఆమె తొందరపడలేదు. నూనె ఇంకేదాకా ఆగింది. మెత్తటి గుడ్డతో తుడిచింది. పసిపాప కంట్లో నలుసు తీసేటప్పటిలా ఊపిరి బిగబట్టి, సోమలమ్మ ఎడమచేతి చిటికెన వేలిని విడదీసి పట్టుకుంది.

“ఇదేటే, సిటికినేలా? వేలిముద్రంటే బొటనేలు గదా!”

“ఆధార్ తీసినప్పుడు అన్నీ ఎట్టించుకున్నారు పిన్నీ. పిక్క పట్టుకున్నప్పుడు ఇదొక్కటే దూరంగా లేసుంటాది. సూడు, ఎంత సుబ్బరంగా ఉందో.”

మిషను మీది చిన్న అద్దం మీద ఆ వేలు వాలింది. జోగులు కూడా మెడ చాచాడు. ఆకుపచ్చ దీపం వెలిగింది.

అప్పలలక్ష్మి అక్కడి నుంచే కాలేజీకి ఫీజు కట్టేసి, రసీదు సత్యశ్రీ ఫోనుకి పంపింది. ఐదుకి పది నిమిషాలుంది. నిమిషంలోనే ఫోను మోగింది. అవతలి గొంతు ఏడుస్తోందో నవ్వుతోందో ఎవరికీ తెలియలేదు. “కట్టీసేమే, కట్టీసేం,” అని సోమలమ్మ బస్టాండంతా వినిపించేలా అరిచింది. వెళ్ళేటప్పుడు ఆ చిటికెన వేలిని మరో చేతి గుప్పిట్లో దాచుకుని మెట్లు దిగింది, గువ్వపిల్లని పట్టుకెళ్తున్నట్టు.

జోగులు పని కూడా అయ్యాక, ఆ వేలి సంగతి ఎవరు నేర్పారని అడిగాను. అప్పలలక్ష్మి నూనె సీసాకి మూత బిగించింది.

“మాయమ్మ కూడా పిక్కలే ఒలిసేదండి. మిగతా వేళ్ళు తగిలితే జీడికి నా సెయ్యి పొక్కిపోద్దని, బడికి తీసికెల్లినప్పుడు ఆ సిటికినేలొక్కటే ఇచ్చేది, పట్టుకోమని.”