షాబాదు బండ మీద తుప్పు మరక

నా చిన్నప్పుడు జహీరాబాదులో మా ఇంటి నడిమింట్లో షాబాదు బండలు పరిచి ఉండేవి. నాయనమ్మ వాటిని రోజూ తడిగుడ్డతో తుడిపించి, ముఖం చూసుకోవచ్చని వచ్చినవాళ్లందరితో చెప్పుకునేది. ఆ బండల మీద ఆమెకున్న మురిపెం మా మీద లేదని మేం పిల్లలం అనుకునేవాళ్లం.

నేను మూడో తరగతిలో ఉండగా మా మేనత్త భర్త చనిపోయాడు. న్యాల్‌కల్ దగ్గరి అత్తగారి ఊరు విడిచి ఆమె మా ఇంటికి వచ్చింది. కొన్నాళ్లకు అత్తగారివాళ్లు ఆమె ఇనప్పెట్టెను ఎద్దుల బండి మీద పంపించేశారు. పెట్టె పంపారంటే ఇక రావద్దని చెప్పినట్టే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. పండక్కి వచ్చిన ఆడబిడ్డ పెట్టెను ఎక్కడ పెడతారో అక్కడే, నడిమింటి మూలన బండల మీద పెట్టారు. చీర కావలసినప్పుడల్లా అత్త మోకాళ్ల మీద కూర్చుని దాన్ని తెరిచేది, మళ్లీ మూసేది. ఆ వానాకాలమంతా చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలాగే గడిపింది.

దసరాకు సున్నం వేయడానికి పెట్టె జరిపితే, దాని కింద బండ మీద ఎర్రగా తుప్పు మరక. పెట్టె అడుగు చెమ్మకు పొరలు పొరలుగా రాలుతోంది. "బంగారమసొంటి బండ పాడాయె" అంది నాయనమ్మ. అత్త ముఖం చిన్నబోయింది.

మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక, అత్త చింతపండు నానబెట్టి మరకను తోమడం మొదలుపెట్టింది. ఇత్తడి బిందెలు మా ఇళ్లల్లో తోమేది దాంతోనే కదా. తుప్పు కొంచెం వదిలింది. కానీ ఆరేసరికి ఆ చోట నునుపంతా పోయి బండ తెల్లగా పాలిపోయింది, చెయ్యి పెడితే గరుకు తగిలింది. అత్త దాన్ని చాలాసేపు చూసింది. తర్వాత బట్టలన్నీ సర్ది పెట్టెకు తాళం వేసింది. కోహీర్‌లో దూరపు చుట్టాలకు వంటమనిషి కావాలట, అక్కడికి పోతానంది. నాకు ఏడుపొచ్చింది. నా జడ వేస్తూ నా కబుర్లన్నీ వినేది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

సాయంత్రం పొలం నుంచి తాతయ్య వచ్చాడు. బండను చూశాడు, తాళం వేసిన పెట్టెను చూశాడు. అత్తకు తిట్లు తప్పవని నేను బిక్కచచ్చిపోయాను. ఆయన కింద కూర్చుని బండ మీద అరచెయ్యి ఆనించి, కాసేపు అలాగే ఉంచాడు.

"పులుపుకు ఈ బండ కాలుతది బిడ్డా, నీకెట్ల తెలుస్తది? తప్పు నీది గాదు, నీ పెట్టెది గాదు. కింద నీళ్లున్నయి" అన్నాడు.

మర్నాడు గడ్డపారతో బండ లేపించాడు. గోడ అవతల స్నానాల నీళ్లు పోయే మోరీ పగిలి, నీళ్లు ఊరి ఊరి అడుగు మట్టి ముద్దగా ఉంది. మోరీ బాగు చేయించి, ఆ మట్టి తీయించి, గుంటను బాగా ఆరనిచ్చి, మొరం ఇసుక దట్టించి బండను మళ్లీ పరిపించాడు. గరుకుదేలిన చోట నీళ్లు చల్లుతూ సానరాయితో తానే రుద్దాడు. చాలామటుకు నునుపు వచ్చింది. లేతగా మరక మాత్రం ఉండిపోయింది, నాయనమ్మ దాన్ని గురించి మళ్లీ ఎత్తలేదు.

బండ లేపిన రోజే ఆయన ఇంకో పని చేశాడు. గోడ అలమారా తెరిచి తన ధోతులు, నాయనమ్మ చీరలు తీసి మంచం మీద వేశాడు.

"తాళం తియ్యి బిడ్డా. నీ బట్టలు ఇందుల వెట్టుకో. ఇన్ని దినాలు నీకు జాగ ఇయ్యాల్నని మాకే తెల్వకపాయె."

నాయనమ్మ తన చీరలు పై అరలోకి సర్దుకుంది. అత్త తాళంచెవి చేతిలో పట్టుకుని ఏడ్చింది. భర్త పోయి వచ్చాక ఆమె మా ఎదుట ఏడవడం అదే మొదలు. కోహీర్ మాట మళ్లీ ఎవరి నోటా రాలేదు. అత్త ఆ ఇంట్లోనే ఉండి, మమ్మల్నందరినీ పెంచి, ఆ ఇంట్లోనే కన్నుమూసింది.

నాకిప్పుడు మనవలున్నారు. కష్టంలో ఉన్నవాళ్లెవరైనా మా గడప తొక్కితే ఎన్నాళ్లుంటారని నేను అడగను. వాళ్లు కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చేలోగా అలమారాలో ఒక అర ఖాళీ చేస్తాను.