కత్తెర పట్టే చెయ్యి

నాకు చేసింది గర్భసంచి ఆపరేషన్ కాదు. ఈ మాట ముందుగా చెప్పేస్తే తప్ప నాకు ఊపిరాడదు. మా వీధిలో సగం మంది ఇప్పటికీ అదే అనుకుంటున్నారు, ఎందుకంటే మా ఆయన అలా చెప్పాడు. నాకు తీసేసింది కుడివైపు రొమ్ము. దాంతోపాటు అటువైపు చంకలో ఉన్న గడ్డలు కూడా.

పుంగనూరులో మా ఇంటి ముందు గదే నా కుట్టు అంగడి. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టాను, ఇప్పటికీ జాకెట్లే కుడతాను. ఊళ్లో ఆడవాళ్ల ఎద కొలతలు నాకు నోటికొచ్చు. టేపు చుట్టి కొలత గట్టిగా చెప్పేదాన్ని, పక్కన ఎవరున్నా సరే. సిగ్గుపడితే ఆ పని చెయ్యలేం. అలాంటి నా ఇంట్లో, నా ఎద గురించి ఒక్క ముక్క బయటికి చెప్పడానికి నా మొగుడికి నోరు రాలేదు.

మదనపల్లెలో ఆపరేషన్ అయిన మర్నాడు ఆయన మంచం పక్కనే నిలబడి ఫోన్లో అందరికీ చెబుతున్నాడు. "గర్భసంచిలో గడ్డంట. తీసేసినారు. ఇప్పుడు బాగుండాది." ఆ ఫోన్ పెట్టగానే ఇంకో ఫోన్, మళ్లీ అదే పాట.

"యాల అట్ల చెప్తాండావు?" అన్నాను. మత్తు ఇంకా పూర్తిగా వదల్లేదు, అయినా కోపం మాత్రం బాగానే మేలుకుంది.

"మరేం చెప్పమంటావు? ఆ మాట అందరికీ చెప్పుకోవాల్నా?"

"ఏ మాట?"

ఆయన కిటికీ వైపు తిరిగి, వాన పడేటట్టుందని అన్నాడు.

ఇంటికొచ్చాక చూడాలి నా అవస్థ. బత్తాయిలూ బ్రెడ్డూ పట్టుకుని వీధి వీధంతా వచ్చింది. బిందె ఎత్తొద్దని ఒకామె, మెట్లెక్కొద్దని ఇంకొకామె, నడుముకి గుడ్డ బిగించి కట్టుకోమని మూడో ఆమె. ఆమె అక్కడితో ఆగకుండా తనే చీరముక్క తెచ్చి నా పొట్టకి కట్టేసి పోయింది. చంక కింద కుట్లు లాగుతుంటే, బాగున్న పొట్టకి కట్టు కట్టించుకుని కూర్చున్నాను. ఒళ్లు మండిపోయింది. మా ఆయన మాత్రం వచ్చినవాళ్లకి కాఫీలు అందిస్తూ, "అవునమ్మా, జాగర్తగానే ఉండాది" అంటున్నాడు. జుట్టు ఊడే మందులు నాకు అవసరం పడలేదు కాబట్టి సరిపోయింది. ఊడి ఉంటే దానికేం కథ చెప్పేవాడో!

తిరుపతిలో కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవడం కూడా అయిపోయి, ఇక అంగడి తెరుద్దాం అనుకుంటుండగా కుడిచెయ్యి వాయడం మొదలైంది. ముందు గాజులు బిగుసుకున్నాయి. తర్వాత నేను కుట్టుకున్న జాకెట్టే నా చేతికి ఎక్కలేదు. అదీ సర్దుకున్నాను. ఒకరోజు ఒక పెళ్లి జాకెట్ గుడ్డ ముందేసుకుని పెద్ద కత్తెర తీస్తే, బొటనవేలు పిడిలోకి పోలేదు. బలవంతంగా తోశాను. చెయ్యి బరువుకి గీత పక్కకి పోయింది. పట్టుగుడ్డ వంకరగా తెగింది.

ఆ రోజు నేను ఏడ్చాను. రొమ్ము తీసేసినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఆ చెయ్యే నా బతుకు. కత్తెర పట్టలేని చెయ్యి పెట్టుకుని నేనేం చెయ్యాలి, వచ్చినవాళ్లతో గర్భసంచి కబుర్లు చెప్పుకుంటూ కూర్చోవాలా?

మదనపల్లెలోనే ఇలాంటి చేతుల్ని చూసే అమ్మాయి ఉంది. మెడలో చిన్న సిలువ గొలుసు, నవ్వు మొహం, మాట మాత్రం ఖండితం. నన్ను కూర్చోబెట్టి చెప్పింది. "చంకలో గడ్డలు తీసేసినారు కదక్కా, నీరు పోయే దారి మూసుకుపోయిండాది. మనం ఇంకో దారి చూపించాల. చెయ్యి కాడ మొదలుపెట్టకూడదు. ముందు మెడ. తర్వాత రొమ్ము తీసిన చోటు. తర్వాత వీపు. పైన దారి ఖాళీ అయినాక చెయ్యి పట్టుకోవాల."

నూనె లేదు, బలం లేదు. కత్తిరించే ముందు పట్టుగుడ్డ మీద ముడతలు సర్దుతాం చూడండి, అంత మెల్లగా ఆమె వేళ్లు కదిలాయి. చర్మం కదిలితే చాలంట, కింద కండ కదలకూడదంట. వేడి అసలు తగలకూడదంట. రోజూ చెయ్యాలి, వీపు వైపు నా చెయ్యి అందదు కాబట్టి ఇంట్లో ఒకరు నేర్చుకోవాలి అంది.

మా ఆయన బయట బెంచీ మీద ఉన్నాడు. ఆమె తలుపు తీసి పిలిచింది. "అన్నా, లోపలికి రాన్నా. నేర్చుకుందువు గానీ."

"నాకెందుకమ్మా? అది ఆడోళ్ల పని. మా అక్క ఉండాది కుప్పంలో. ఆడ సగం మంది పిల్లోళ్లకి ఆమే నీళ్లు పోసింది" అన్నాడు, బెంచీ మీదినుంచి కదలకుండా.

అలా నన్ను కుప్పం తీసుకుపోయాడు. పలమనేరులో బస్సు మారేటప్పుడు చెప్పాడు, అక్కకి కూడా గర్భసంచనే చెప్పానని, నేను నోరిప్పొద్దని. "నీళ్లు పోసే మనిషికి దాచేదేందప్పా?" అని బస్టాండులోనే అరిచాను. జనం తిరిగి చూశారు. ఆయన పోయి బస్సులో కూర్చున్నాడు. అక్క ముందు ఆయన్ని అబద్ధాలకోరుని చెయ్యడం ఇష్టం లేక, కుప్పంలో నేనూ నోరిప్పలేదు.

మా వదిన చేతుల గురించి చెప్పాలి. శాంతిపురం నుంచి కూడా పసిబిడ్డల్ని ఎత్తుకుని ఆమె దగ్గరికి వస్తారు. కాళ్లు చాపుకుని బిడ్డని బోర్లా వేసుకుని రుద్దిందంటే, ఆ బిడ్డ సాయంత్రం దాకా లేవదు. బాలింతల నడుములు కూడా ఆమే సరిచేస్తుంది. నేనంటే ప్రేమ కూడా. నేను దిగేసరికే ఆముదం కాచి, నీళ్ల కాగు కింద మంట పెట్టి ఉంచింది.

"ఆపరేషన్ అయినాక నీళ్లు సరిగ్గా పోసుకోకపోతే ఇట్లనే వాతం చేతికి దిగతాది మే. కూసో" అంది.

మా వైపు ఆడవాళ్లం ఇంకొకరి చేత నీళ్లు పోయించుకునేటప్పుడు లంగా ఎద మీదికి కట్టుకుని కూర్చుంటాం. ఎంత దగ్గరివాళ్లయినా అంతే. కాబట్టి ఆమెకి కనిపించింది నా చెయ్యీ, నా వీపూ మాత్రమే. మెల్లగా నిమరాలని, వేడి వద్దని, డాక్టరమ్మాయి చెప్పిందని నేను చెబుతుంటే పగలబడి నవ్వింది. "అట్ల పిల్లిని నిమిరినట్ల నిమిరితే నీరు దిగతాదా? నీ మొగుడు నన్ను నమ్ముకొని తీసకొచ్చినాడు."

మణికట్టు దగ్గర పట్టుకుని భుజం దాకా ఈడ్చి రుద్దింది. పైనుంచి సలసల కాగిన నీళ్లలో కాసిని చన్నీళ్లు కలిపి పోసింది. కెవ్వుమన్నాను. "నొప్పి ఉంటేనే మే, వాతం ఇరిగేది" అంది. గోడ అవతల మా ఆయన ఉన్నాడు, నా అరుపు వినబడింది. వచ్చి ఒక్క మాట చెబితే ఆ చేతులు ఆగిపోయేవి. రాలేదు.

మర్నాటికి చెయ్యి మోచేతి పైన ఎర్రగా కాలిపోతోంది. చలిజ్వరం, పళ్లు కొట్టుకుంటున్నాయి. వదిన నాచేత లంగా ఎద మీదికి కట్టించి మళ్లీ ఆముదం గిన్నెతో వచ్చింది, జ్వరం వచ్చిందంటే వాతం కదిలినట్టే అంటూ. అప్పుడిక నాకు ఆగలేదు. లంగా ముడి లాగేశాను.

"సూడు వదినా! గర్భసంచి ఈడుంటాదా?"

ఆమె చూసింది. ఎంతసేపటికీ గిన్నె కింద పెట్టలేదు. తర్వాత వీధి వైపు తిరిగి కేకేసింది. "ఒరే, ఇట్ల రారా. గర్భసంచి యాడుంటాదో తెలుసారా నీకు?"

మా ఆయన గడప దాకా వచ్చాడు. నన్ను చూశాడు. చూసి, మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆపరేషన్ తర్వాత ఆయన ఆ చోటుని చూడటం అదే మొదటిసారి, చూసింది కూడా అంతసేపే.

వదిన విసిరిన గిన్నె గడపకి తగిలి మోగింది. ఆముదం ఆయన పంచె మీద పడింది. "నా చేతుల్తోనే దాన్ని సంపించేవాడివి కదరా!" అంది. అని నా లంగా పైకి లాగి, తన కొంగు కూడా కప్పి, నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆమె మీద నాకు అప్పుడూ కోపం రాలేదు, ఇప్పుడూ లేదు. తెలిసిన పని తెలిసినట్టు చేసింది, ఆమెకి అబద్ధం చెప్పిన మనిషి వేరే ఉన్నాడు.

మదనపల్లెలో సూదులు వేసి ఆ ఎరుపూ జ్వరమూ తగ్గించారు. అది పోయేదాకా చెయ్యి మీద ఎవరూ చెయ్యి వెయ్యకూడదన్నారు. తగ్గాక ఆ అమ్మాయి మళ్లీ మొదటినుంచీ చూపించింది. ఈసారి మా ఆయన లోపలికి వచ్చాడు, రానంటే మా వెంట వచ్చిన వదిన ఊరుకునేలా లేదు. గోడ క్యాలెండర్ చూస్తూనే సగం నేర్చుకున్నాడు.

పుంగనూరు వచ్చిన రోజునుంచి అంగడికి వచ్చిన ప్రతి మనిషికీ నేనే చెప్పాను, రొమ్ము తీసేశారని. కొందరు దగ్గరికి జరిగారు. కొందరు గుడ్డ వెనక్కి తీసుకుపోయారు. పోతే పోనీ. గుడ్డ ఉన్నా కత్తిరించే చెయ్యి ఏది? ముందు ఆ పని చూడాలి.

మధ్యాహ్నం అంగడి తలుపు దగ్గరికేసి కూర్చున్నాను. బయట టమాటా ఆటోలు పోతున్నాయి. ఆయన వచ్చి నేరుగా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆడ కాదు. మెడ కాడ మొదలుపెట్టు."

మెడ దగ్గర చేశాడు. బాగానే చేశాడు, మెత్తని చెయ్యే ఆయనది. అక్కడినుంచి ఒక్క దూకుతో మళ్లీ చేతి దగ్గరికి వచ్చాడు. చెయ్యి లాగేసుకున్నాను. మళ్లీ మెడ, మళ్లీ చెయ్యి. మధ్యలో ఉన్న చోటు ఆయనకి కనబడనట్టే ఉంది.

"అది నువ్వే చేసుకోరాదా మే? నీ ఎడం చెయ్యి అందతాది కదా" అన్నాడు, నేల చూస్తూ.

ఆయన నాతో అన్న మాటలన్నిటిలోకీ నేను క్షమించలేనిది అదే. గర్భసంచి అన్నందుకు కూడా అంత కోపం రాలేదు.

"అందతాది! నా ఎడం చేత్తో నేనే చేసుకుంటా, నా వంట నేనే చేసుకుంటా, నా చావు కూడా నేనే చస్తా. నువ్వెందుకుండావు మరి, ఊరికి ఫోన్లు చేసేకా?" అన్నాను. వీధిలోకి వినబడనీ అని గట్టిగానే అన్నాను. "ఊళ్లో ఆడోళ్ల ఎదలన్నీ కొలిచినా నేను. నా మొగుడికి నా ఎద ఉన్నప్పుడు సిగ్గు లేదు. అది పోయినాక వచ్చిందా?"

కత్తెర తీసి ఆయన ముందు పడేశాను. "ఇది పట్టుకునే చెయ్యి నాకు కావాల. దానికి దారి ఈడ్నుంచే ఉండాది. చేస్తే చెయ్యి, లేదంటే లేచి పో."

జాకెట్ హుక్కులు నేనే తీశాను. తీసి ఆయన మొహం మీదే చూపు పెట్టుకుని కూర్చున్నాను, ఈసారి మొహం తిప్పితే ఏం చెయ్యాలో కూడా అనుకునే ఉన్నాను. ఆయన తిప్పలేదు. కళ్లు మాత్రం నీళ్లతో నిండిపోయాయి. ఆ నీళ్లు చూసి నేను కరగలేదు. ఎప్పుడు చెయ్యి వేస్తాడా అని చూస్తున్నాను.

ఎంతకీ వెయ్యడేం అనుకున్నాను. ఇంకోసారి అరవబోయి కిందికి చూస్తే, ఆయన అరచెయ్యి అక్కడే ఉంది. కుట్ల గీత మీద, ఆ అమ్మాయి చూపించినట్టే, మెల్లగా కదులుతోంది. ఎప్పటినుంచి ఉందో నాకు తెలీదు. కోసిన చోట స్పర్శ పోతుందని ఆసుపత్రిలో చెప్పారు, నేను మర్చిపోయాను. ఇన్నాళ్లూ ఏ చెయ్యి కోసం అరిచానో ఆ చెయ్యి వస్తే, కళ్లతో చూస్తే తప్ప వచ్చిందని నాకు తెలియలేదు.

"నొప్పి పుడతాండాదా?" అని అడిగాడు.

"లేదు. నీ చెయ్యి ఉన్నట్టే తెలీలేదు నాకు."

ఆయన చెయ్యి తీసేయబోయాడు.

"తియ్యొద్దు," అన్నాను. "నాకు తెలీకపోయినా చెయ్యి."