మెర్డెకా ఊరేగింపులో మా ఫిరంగి

ఆ రోజుల్లో జార్జ్ టౌన్‌లో కుర్రాడన్న ప్రతివాడికీ దేశం కోసం ఏదో ఒక వీరకార్యం చేసెయ్యాలని ఉండేది. నేను చేస్తున్నదల్లా ఓడల కంపెనీ ఆఫీసులో టైపు కొట్టడం. మెర్డెకా, అంటే మలాయి దేశపు స్వాతంత్ర్యం, ఆ ఊరేగింపు పుణ్యమా అని నాకూ ఫిరంగి పేల్చే యోగం పట్టింది.

మా మేనేజరుని అందరం 'కెప్టెన్' అనేవాళ్లం. (పాపం, ఫెర్రీ ఎక్కినా ఆయనకి కడుపులో తిప్పేది.) పాతకాలపు తెరచాప యుద్ధనౌకలంటే ఆయనకి పిచ్చి. ఆఫీసు లారీకి దుప్పట్లు తెరచాపలుగా కట్టించి, చెక్క ఫిరంగి ఎక్కించి, రోజూ సాయంత్రం గోదాములో మా చేత కవాతు చేయించాడు. ముందు తడిగుడ్డతో గొట్టం తుడవాలి. లోపల నిప్పురవ్వ మిగిలితే కొత్త మందు చేతిలోనే అంటుకుంటుందట. తర్వాత మందు, గుండు, దట్టింపు. ఆపైన తాళ్లతో ఫిరంగిని ముందుకు లాగి, పక్కకు తప్పుకుని, పేల్చడం. కొబ్బరి పీచు కట్టిన దట్టింపు కర్ర నాది. మందూ గుండూ ఉత్త నటనే గాని, చప్పుడు మాత్రం నిజం. హరిరాయ పండక్కి మలాయి పిల్లలు పేల్చే కార్బైడు వెదురుగొట్టం ఫిరంగిలో దాచాం. అడవుల్లో కమ్యూనిస్టుల తిరుగుబాటు ఇంకా చల్లారలేదు, టైరు పేలినా జనం ఉలిక్కిపడే కాలం. అందుకే పోలీసులు ఒక్క పేలుడుకే ఒప్పుకున్నారు.

సరిగ్గా ఆ ఊరేగింపుకే సుంగై పెటాని నుంచి ఆడపెళ్లివారు నన్ను చూడ్డానికి వస్తున్నారు. "ఆ ఎర్రగుడ్డ తలకి సుట్టకురా, పిల్ల తండ్రి దొంగోడనుకుంటాడు" అని అమ్మ బతిమాలింది. ఫిరంగివాళ్లంతా తలకి ఎర్రగుడ్డ కట్టాలన్న కెప్టెన్ ఆజ్ఞ ముందు అమ్మ మాట నిలవలేదు. మసితో మీసం కూడా దిద్దుకున్నాను.

జనం కేకలకి కెప్టెన్‌కి ఒళ్లు తెలియలేదు. నా కర్ర ఇంకా గొట్టంలో ఉండగానే "ఫైర్!" అని అరిచాడు. ఢాం! కర్ర ఎగిరి వెళ్లి, జనంలో ఒక పెద్దాయన గొడుగుని లాక్కుపోయింది. ఆయన పక్కన మా అమ్మ ముఖం చూశాక ఆ పెద్దాయనెవరో నాకు తెలిసింది.

పోలీసులు పరుగెత్తుకొచ్చారు. ఆయన వాళ్లని చేత్తో ఆపి, కర్ర పట్టుకుని లారీ దగ్గరకొచ్చాడు.

"ఏటి బాబూ, పిల్లోడ్ని సూడ్డానికి రమ్మని మామని కొట్టినావేటి లా?"

అక్కడి అలవాటు కొద్దీ మాట చివర మలాయి 'లా' తగిలించి మరీ అడిగాడు. నేను అటెన్షన్‌లోకి వచ్చేశాను. ఆయన వెనక ఒకమ్మాయి పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"ఊరుకో నాన్నా, గొడుగే కదా పోయినాది" అంది.

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "మీసం కడిగేసి సాయంత్రం ఇంటికాడుండు" అన్నాడు. ఆ సాయంత్రమే తాంబూలాలు పుచ్చుకున్నారు.

ఇన్నేళ్ల కాపురం తర్వాత కూడా ఆ లారీ మీది కుర్రాడు గుర్తొస్తుంటాడు. ఇలాంటప్పుడేం చెయ్యాలో కవాతులో నేర్పలేదు గనక, మసి మీసం చెమటకి కారుతున్నా కదలకుండా అటెన్షన్‌లో నిలబడే ఉంటాడు. దిగిరా నాయనా, ఆ అమ్మాయి నవ్వుతున్నది నిన్ను చూసే అని చెప్పాలనిపిస్తుంది.