గోనెసంచుల కింద రెక్క

ఇంకెన్నాళ్ళు పడుతుందని మా మేనేజరు వారానికోసారి అడిగేవాడు. ఉప్పు దిగినప్పుడు దిగుతుందని చెప్పేదాన్ని. ఆయనకు ఒళ్ళు మండేది, నాకూ మండేది.

అది రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానం రెక్కలో మనిషి పొడవు ముక్క. సముద్రం అడుగు నుంచి పైకి తీశారు. దోహాలో మ్యూజియం హాలు తెరిచే రోజుకు దాన్ని సిద్ధం చేయడం నా ఉద్యోగం. దాని మీద మూడు అక్షరాల పెయింటు ఇంకా మిగిలి ఉంది, అది ఏ విమానమో తేల్చడానికి ఉన్న ఆధారం అదొక్కటే. లోహంలోకి ఇంకిన ఉప్పు పోకముందే ఆరిపోతే తెల్లటి పొడి లేచి, అక్షరాలు పెచ్చులుగా ఊడిపోతాయి. అందుకని ఉప్పు తీసేసిన నీళ్ళ తొట్టిలో నానబెట్టి, వారం వారం నీళ్ళు మార్చి, ఎంత ఉప్పు దిగిందో మీటరు పెట్టి రాసుకునేదాన్ని. అలా ఏడు నెలలు గడిచాయి.

షెడ్డులో నాకు తోడు జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒకాయన. యాభై దాటిన మనిషి, పన్నెండేళ్ళు బిల్డింగు సైట్లలో చేసి నడుం పట్టేస్తే కంపెనీ ఇటు పంపింది. నన్ను చెల్లె అనేవాడు. గోదావరి జిల్లాదాన్ని, మొదట్లో ఆయన మాట నాకు సగమే అర్థమయ్యేది. "మా ఆయన దుబాయ్‌లో విమానాలు బాగుచేస్తాడు" అని ఊళ్ళో వాళ్ళావిడ చెప్పుకుంటుందట, వాళ్ళకు గల్ఫంతా దుబాయే. హాల్లో పెట్టాక దాని పక్కన నిలబడి ఒక ఫోటో కావాలన్నాడు. తప్పకుండా అన్నాను.

మొదటి రోజు ఆయనకు ఒకే ఒక్క మాట చెప్పాను. "ఏం జరిగినా ఇది తడిగా ఉండాలి అన్నా, ఎండకూడదు." ఆయన నవ్వాడు. పన్నెండేళ్ళు స్లాబులకు నీళ్ళు పెట్టిన వాడికి ఇదో లెక్కా అన్నాడు.

ఒక గురువారం నాకు జ్వరం తగిలింది. అల్ మన్సూరాలోని ఫ్లాట్‌లో ఫోను సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. శుక్ర, శనివారాల సెలవు గడిచి ఆదివారం డ్యూటీకి వెళ్ళేసరికి తొట్టి అడుగున అతుకు విడిపోయి ఖాళీగా ఉంది. నేల మీద, తడి గోనెసంచుల కింద, రెక్క. పక్కన మగ్గు పట్టుకుని ఆయన, కళ్ళు ఎర్రగా. సంచి అంచు ఎత్తి చూస్తే మూడు అక్షరాలూ ఉన్నాయి. ప్రాణం లేచొచ్చింది. ఆ నీళ్ళెక్కడివని అడిగాను.

నేల కడగడానికి వచ్చే ట్యాంకరువి. ఉప్పటి బోరు నీళ్ళు. మీటరు పెట్టి చూస్తే ఉప్పు మళ్ళీ మొదటి వారం అంకెకే వచ్చింది.

నాకు కోపమొస్తే నోరు ఆగదు. "నీకసలు బుర్రుందా? ఏడు నెలల పని బూడిదలో పోశావు" అన్నాను. అప్పటిదాకా ఆయన్ని మీరు అనే పిలిచేదాన్ని.

ఆయనకు నా కోపం అర్థం కాలేదు. "తడి వెట్టుమన్నవ్ గద చెల్లె. స్లాబుకు వెట్టినట్టే వెట్టిన. ఒక్క దిక్కు గూడ ఎండనియ్యలె."

చెల్లె ఏమిటి, ఇది ఆఫీసు అన్నాను.

ఎవరి తప్పో రాయమని మేనేజరు మెయిల్ పెట్టాడు. జగిత్యాల ఆయన ఉద్యోగి నంబరు కొట్టి, తప్పు ఆయనదేనని రెండు ముక్కలు రాసి పంపేశాను. తర్వాత కొత్త తొట్టి నింపుదామని ఉప్పు తీసేసిన నీళ్ళ డ్రమ్ములుండే గదికి వెళ్ళి, బ్యాగులోంచి తాళంచెవి తీశాను. దాన్ని చూడగానే గుర్తొచ్చింది. ఆ గదికి ఉన్న ఒక్క తాళంచెవి బుధవారం నుంచీ నా దగ్గరే ఉంది. ఫోను తీసి చూస్తే శుక్రవారం ఒక్కరోజే ఆయన నంబరు నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్. శనివారమే వాటిని చూసి, సెలవు కోసం కాబోలు అనుకుని వదిలేశాను. తొట్టి పగిలిందని చెప్పడానికి, తాళంచెవి అడగడానికి చేసిన కాల్స్ అవి.

పరుగున వెళ్ళి తప్పు నాదేనని మేనేజరుతో చెప్పాను. హెచ్ఆర్‌కు పంపేశాను, ఖలాస్ అన్నాడు. ఇంకో మెయిల్ రాశాను, జవాబు లేదు. ఇంకోటి రాశాను. ఆ వారంలోనే జగిత్యాల ఆయన్ని అల్ షహానియాకు, ఒంటెల పరుగు మైదానం దగ్గర కంచె పనికి మార్చారు. వెళ్ళేముందు గోనెసంచులు ఆరేసి, మడతపెట్టి, నాకు అప్పగించాడు.

"వస్త మేడమ్" అన్నాడు.

మళ్ళీ ఎనిమిది నెలలు నానబెట్టాను. హాలు తెరిచినప్పుడు రెక్క ఉండాల్సిన చోట దాని ఫోటో పెట్టారు. ఆ తర్వాత, ఉప్పంతా దిగాకే, రెక్కను ఆరబెట్టి, గాలిలో తేమ లేని అద్దాలపెట్టెలో నిలబెట్టాం. మూడు అక్షరాలూ ఉన్నాయి. తొట్టి పగిలిన ఆ రెండు రోజులు ఎండి ఉంటే ఒక్కటీ మిగిలేది కాదు. ఒంటరిగా నిలబడి రెక్క ఫోటో తీసి, "మీ వల్లే దక్కింది అన్నా" అని రాసి జగిత్యాల ఆయనకు పంపాను.

కాసేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"మంచిగున్నది మేడమ్. గని గిట్ల ఎండవెట్టిన్రేంది? తడి వెట్టుమన్నరు గద, ఏం గాదా?"

అద్దం ముందు నిలబడి రెండుసార్లు విన్నాను. అసలు తడిగా ఎందుకు ఉంచాలో, ఉప్పు సంగతి ఏమిటో, నేనాయనకు ఒక్కనాడూ చెప్పలేదు.