ఇనప కొంగకు తలంటు

పార్కులో ఒక ఇనప కొంగ ఉంది. పగలంతా దాని రెక్కల మీది సోలార్ పలకలు ఎండ తాగుతాయి, పొద్దుగూకగానే ఒళ్లంతా వెలుగుతుంది. దాన్ని తుడిచే పెద్దమనిషికి భుజాన తడిగుడ్డ, చెవి మీద సగం బీడీ, నోటి నిండా కోతలు. "నా చెయ్యి తగలకపోతే సూర్యుడొచ్చి బతిమాలినా ఇది వెలగదు" అంటాడు దారినపోయేవాళ్లతో. పలకలు తళతళలాడాలని ఎవరికీ చెప్పకుండా రోజూ ఇంత నూనె కూడా రాస్తాడు. నెల తిరిగేసరికి కొంగ వెలుతురు చూసి మిణుగురులే జాలిపడ్డాయి. "ఈ సాయంత్రమూ ఇంతే అయితే రేపు పాత ఇనుముకి పంపేస్తాం" అన్నాడు సూపర్‌వైజరు. కొంగ పోతే కొలువూ పోయినట్టే.

మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన భార్య, వాలిన రెక్క మీద వేలితో గీసి చూసింది. నల్లటి జిడ్డు అంటింది.

"ఇంట్లో నా తలకి చుక్క నూనె లేదు, ఇక్కడ కొంగకి తలంటుతున్నావా? జిడ్డుంటే దుమ్ము పట్టదూ?"

ఇద్దరూ కలిసి సబ్బునీళ్లతో రుద్ది రుద్ది కడిగారు. మిగిలిన ఎండ చాలింది, సాయంత్రం కొంగ ధగధగా వెలిగింది.

"ఏం చేశావయ్యా?" అన్నాడు సూపర్‌వైజరు.

"సూర్యుణ్ణి పిలిచి గట్టిగా చివాట్లు పెట్టానండీ!"

పక్కనే ఉన్న భార్య తడిగుడ్డ పిండి, క్యారేజీ అందుకుంది. ఇంటికెళ్లగానే అతని సంచిలోని నూనె సీసా తీసి బీరువాలో పెట్టి తాళం వేసింది.