బాణం గుర్తున్న బొమ్మలు

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిత్రమేమిటంటే, నా జీవితంలో అన్నిటికంటే సంతోషంగా గడిచిన పది రోజులు కూడా దానికే అతుక్కుని ఉన్నాయి. ఒకటి బయటపెడితే రెండోది పాడవుతుందని భయపడ్డాను. ఇక దాచలేను. మీకు చెబుతాను.

నేను పెద్ద చదువులు చదవలేదు. మా మండల గ్రంథాలయంలో కంప్యూటర్ల మీద మూడు పుస్తకాలుండేవి, మూడూ రెండేసి సార్లు చదివాను. ఆ చదువుతోనే ఖతర్‌లో, ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం అల్ రయ్యాన్ వైపు తయారవుతున్న ఒక ప్రాక్టీసు మైదానం ఆఫీసులో కుర్చీ సంపాదించాను. సత్తన్న అక్కడ ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. మా పక్క మండలమే. గడ్డి కింద నీళ్ల పైపులు ప్లాన్‌లో ఒకచోట ఉండేవి, నిజంగా ఇంకోచోట పడేవి. ఆ తేడాలన్నీ ఆయన తన కంప్యూటర్‌లో గీసి పెట్టేవాడు.

ఇక మీదట ఫైళ్లన్నీ క్లౌడ్‌లోనే ఉండాలని కంపెనీ చెప్పింది. క్లౌడంటే మొగులు, మబ్బు అని క్యాంప్‌లో అందరికీ నేనే వివరించాను. ఈ ఎడారిలో మొగులెక్కడిదని నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త గర్వంగా. పాత కంప్యూటర్లలోని ఫైళ్లు ఎక్కించి, వాటిని ఖాళీ చేసి అప్పగించే పని నాకే ఇచ్చారు.

సత్తన్న తెర మీది బొమ్మలన్నీ వరుసగా క్లౌడ్‌లోకి లాగాను. కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేశాను. మర్నాడు చూస్తే ఒక్కటీ తెరుచుకోలేదు. ప్రతి బొమ్మ మూలనా చిన్న బాణం. అవి ఫైళ్లు కావు, ఫైళ్లకు దారి చూపే గుర్తులు, షార్ట్‌కట్‌లు. నా మూడు పుస్తకాల్లో ఆ బాణం సంగతి లేదా? లేక, నాకు తెలిసిందేలే అనుకుని ఆ పేజీ దాటేశానా?

ఎవరూ చూడకముందే ఆ గుర్తులను కూడా చెరిపేశాను. ఇక అది పొరపాటు కాదు.

ఇంజనీర్ ముందు సత్తన్న అడిగాడు.

"తమ్మీ, అన్నీ ఎక్కించినవా?"

"ఉన్నయన్నీ ఎక్కించిన అన్నా. నువ్వు సేవ్ చేసినవో లేదో యాది చేస్కో."

ఆయన నా మొహంలోకి చూశాడు. "చెయ్యలేదేమో. ఈ నడుమ మర్సిపోతున్న."

ఆయన చేతికి వార్నింగ్ లెటర్ వచ్చింది. పది రోజుల్లో అంతా మళ్లీ గీయమన్నారు. సాయానికి నేను వెళ్లాను. నేనే అడిగి వెళ్లాను.

ఆ పది రోజులు! పైపులు వేసిన మనుషులను ఒక్కొక్కరినే పిలుచుకుని మైదానమంతా నడిచాం. ఒక నేపాలీ తనకు బిడ్డ పుట్టిందని ఫోన్ వచ్చిన చోట నిలబడి, పైపు ఇక్కడే ఎడమకు తిరిగిందన్నాడు. జగిత్యాల రాజయ్య తాను జారిపడిన గుంట చూపించాడు. అందరూ మళ్లీ పడమన్నారు, పడి చూపించాడు. అనుమానమున్న చోట తవ్వితే చెప్పిన చోటే పైపు దొరికేది. యల్లా, పదండి పదండి అని కేకలు. సత్తన్న చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టేవాడు. నా తప్పులోంచే పుట్టిన ఆ సంతోషాన్ని నేను మనసారా అనుభవించాను. నాకు ఆ హక్కుందా? అప్పుడు నన్ను నేను అడగలేదు.

గీతలు సరిగ్గా వచ్చాయి. కానీ సత్తన్న మారాడు. జేబులో చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ప్రతిదీ రాసుకునేవాడు. తాళం వేశాక రెండుసార్లు వెనక్కి వెళ్లి చూసేవాడు. మతి తప్పుతోందని, ఇంకేదైనా పెద్ద నష్టం చేస్తానేమోనని, కప్ మొదలవకముందే తనంతట తానే ఇంటికి వెళ్లిపోయాడు. నన్ను కౌగిలించుకుని, నువ్వుండబట్టి గట్టెక్కిన తమ్మీ అన్నాడు.

మొన్న ఫోన్ చేశాడు. ఏదో పాత వీడియోలో మన మైదానం కనిపించిందట. పచ్చగా ఉందట. ఎంత సంబరపడ్డాడో! అంతలోనే ఆగి మెల్లగా అడిగాడు: "ఇది నీకు ఇంతకుముందే చెప్పిన్నా?"

లేదన్నా, ఇప్పుడే చెబుతున్నావన్నాను. ఆ మిగతా మాట మాత్రం నోట్లోంచి రాలేదు.

ఇక్కడ రాస్తున్నాను. ఆయన ప్రతి ఫైలూ సేవ్ చేశాడు. ఒక్కటి కూడా మరవలేదు. పోగొట్టింది నేను.